స్టీలు డబ్బల మీద వాడకట్టు

నా వయసు ముప్పై నాలుగు. బ్లాగు రాసే కొలువు నుంచి రిటైరై నాలుగేండ్లు దాటింది. మోకాళ్లు మంచిగనే ఉన్నయ్, షుగర్ లేదు, పింఛన్ గూడ లేదు. అయినా రిటైరైనోని లెక్కనే తమ్ముళ్లు, చెల్లెళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతరు. అందరిదీ ఒక్కటే ప్రశ్న. "అన్నా, చిన్న బ్లాగు మొదలువెట్టినం. చేతిల కొన్నే పైసలున్నయ్. దేని మీద పెడితే పెరుగుతది?"

స్టీలు డబ్బల మీద పెట్టుండ్రి అని చెప్తే నవ్వుతరు. నేను జోకులు ఎక్కువ వేస్తనని పేరుంది గనక అదీ జోకే అనుకొని, మర్యాదకు ఇంకింత నవ్వి ఫోన్ పెట్టేస్తరు. ఆ ముచ్చట మొత్తం ఒక్కసారి రాసి పెడితే, ఇగ అడిగినోళ్లందరికీ ఇదే పంపొచ్చని కూసున్న.

మాది నకిరేకల్. డిగ్రీ అయినంక చౌటుప్పల్‌ల ఒక గోలీల కంపెనీల, ప్యాకింగ్ సెక్షన్ల చేసిన. పది గోలీలు ఉండాల్సిన పట్టీల తొమ్మిదే ఉన్నయా అని చూసుడు నా పని. లోకానికి నేను చేసిన వైద్యసేవ అంతే. రాష్ట్రం వచ్చి రెండు మూడేండ్లైంది, ఫోన్లల్ల డేటా అగ్గువైంది, ఊర్లె ప్రతి ఒక్కనికి ఏదో ఒకటి చెప్పాలనిపిస్తున్న కాలం అది. నాకూ అనిపించింది. మా వీధి గురించి ఒకటి రాసిన. మా చిన్నాయన బిడ్డ పెండ్లికి ఫోటోలు తియ్యనీకి పాలమూరు నుంచి వచ్చినాయన, భోజనాల కాడ అది చదివి, "తమ్మీ, నా స్టూడియో మీద ఒక అర్ర ఖాళీగుంది. కిరాయి వద్దు. రా" అన్నడు. పెండ్లి భోజనం చేసినంక మనిషి ఇచ్చిన మాట నమ్మొద్దని పెద్దలంటరు. నేను నమ్మిన. రాజీనామా చేసి, పరుపు చుట్ట కట్టుకొని మహబూబ్‌నగర్ బస్సెక్కిన.

ఆయనను ఇక్కడ స్టూడియో అన్న అంటా. మూడో మనిషి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల తెలుగు చెప్పే మేడం. భువనగిరి దిక్కామె. నోటిఫికేషన్ పడ్డప్పుడల్ల పాస్‌పోర్టు ఫోటోలు దిగనీకి స్టూడియోకు వచ్చేది. అప్పటికి సర్కారు పెట్టిన పరీక్షలన్నిటికీ ఫోటోలు దిగింది, ఒక్క ఫోటోల గూడ నవ్వలే. ఒకరోజు ఫోటోలు కడిగేదాక కూసోని నా రాత చదివి, పెన్ను తీసి సగం కొట్టేసింది. మిగిలిన సగం మంచిగుండె. ఆ రోజు నుంచి మేం ముగ్గురం.

బ్లాగు పేరు వాడకట్టు. పని పద్ధతి ఆమెదే. ప్రతి ఆదివారం ఒక ఊరికి పోవాలె. బొడ్రాయి కాడ మొదలువెట్టి ఒక్క వీధి పట్టుకొని కొసదాక నడవాలె. కండ్లకు కనిపించిందే రాయాలె. ఊరి చరిత్ర వద్దు, సర్పంచ్ ఫోటో వద్దు. ఎవల గోడకు కొత్తగ సున్నం పడ్డది, ఎవల బర్రె ఈనింది, ఏ ఇంటి అరుగు కూలింది. పాలమూరు ఊర్లల్ల సగం తలుపులకు తాళాలే. బొంబయికి, పూనాకు పనికి పోయినోల్ల ఇండ్లు. ఆమె ఆ తాళాల గురించి గూడ రాసేది, కొత్తదా, తుప్పు పట్టిందా, బట్ట చుట్టి పోయిన్రా అని. నేను పక్కన నడుస్తూ జోకులు చెప్పేది. స్టూడియో అన్న ఫోటోలు తీసేది. పెండ్లి ఫోటోలు తీసిన అలవాటుకు బర్రెను గూడ "జర గదువ పైకి లేపు" అనేటోడు.

చదివేటోళ్లు కొద్దిమంది. అండ్ల మేం ముగ్గురం రోజుకు పదిసార్లు చదివేటోళ్లం గనక, అసలు లెక్క ఎంతో తియ్యొద్దని తీర్మానం చేసుకున్నం.

ఏడాది మీద మూడు నెల్లు గడిచినంక ఒక పొద్దుమాపు మేడం మెట్లెక్కి వచ్చి, చెప్పులు గూడ ఇడువకుంట నిలవడ్డది.

"గురుకులంల నౌకరి వచ్చింది" అన్నది. "ఆసిఫాబాద్ దిక్కు ఏస్తరంటున్నరు."

స్టూడియో అన్న కిందికి ఉరికి మిర్చి బజ్జీలు తెచ్చిండు. నేను, "ఆసిఫాబాద్‌ల పాస్‌పోర్టు ఫోటోలు అగ్గువనట మేడం" అంటి. ఆమె నవ్వింది గని కూసోలే.

"మా ఇంట్ల సర్కారు జీతం ఎవ్వలకూ రాలే ఇప్పటిదాక. మా అమ్మ ఇంకా నాట్లకు పోతది. నిన్న చర్చిల అందరికీ బిస్కెట్లు పంచిందట, ఆర్డరు గూడ రాకముందే."

"మరి పోతవా చెల్లె?" స్టూడియో అన్న అడిగిండు.

"ఆర్డరు దసర ఎల్లినంక ఇస్తరట. ఏమో అన్నా. వాడకట్టును గిట్ల చదివేటోళ్లు లేక కూలవడేటప్పుడు ఇడిసిపోతే మనసుల వడదు."

నేను ఇంటర్ల ఎంపీసీ చదివినోన్ని. ఆ మాట వినంగనే ఒక సమీకరణం కట్టుకున్న. వాడకట్టు నిలవడితే ఆమె పోదు. ఎందుకు పోవద్దో నేను ఆ సమీకరణంల రాయలే. కొన్ని స్టెప్పులు రాయకున్నా మార్కులు పడ్తయనుకున్న.

మర్నాడే పైసలు పోగుజేసినం. నా పీఎఫ్, స్టూడియో అన్న పెండ్లిళ్ల సీజన్ మిగులు, ఆమె ట్యూషన్ల పైసలు. అన్నీ కలిపితే ఒక పాత స్కూటీ వస్తది, అదీ బ్యాటరీ లేకుంట. దసరకు ఇంక మూడు నెల్లున్నది.

మొదటి తడవ ఆ పైసలల్ల కొన్ని ఇంటర్నెట్ల యాడ్‌కు పెట్టినం. మంచిగ నడిచే ఒక వాడకట్టు రాతను ఎంచి, పదిమందికి చూపియ్యమని పైసలు కట్టుడు. ఎవ్వలకు చూపియ్యాలె అని ఆ యంత్రం అడిగింది. ఊర్లంటే ఇష్టమున్నోళ్లకు అని నేను నొక్కిన. ఏ రాష్ట్రంల అని అది అడుగలే, నేను చెప్పలే. వారం దినాలు లైకులే లైకులు. చూస్తే పంజాబ్‌ల ట్రాక్టర్లోళ్లు, అస్సాంల చాపలోళ్లు. ఒక్కనికి తెలుగు రాదు. ఒకాయన "నైస్ పిక్" అని రాసిండు.

"ఫోటో నచ్చింది గదా" అని స్టూడియో అన్న ఆ దినమంతా ఖుషీగ తిరిగిండు.

మిగిలిన పైసలు ఏం చెయ్యాలె అన్న దగ్గర పంచాది పడ్డది. కరపత్రాలు కొట్టిద్దామని నేను. చౌరస్తాల పెద్ద ఫ్లెక్సీ కడదామని స్టూడియో అన్న, దాని మీద మూల మీద తన ఫోటో చిన్నగ ఉన్నా చాలట.

"ఫ్లెక్సీ వానకు పోతది, కరపత్రం బజ్జీలకు పోతది" అన్నది మేడం.

"అయితె స్టీలు మీద కొట్టియ్యాలె" స్టూడియో అన్న కోపంల అన్నడు. "మా ఇంట్ల నేను తినే పళ్లెం మీద ఎవల పేరుందో తెలుసా? నేను జన్మల చూడని మనిషి. ఎవల పెద్దకర్మకో పోతే మా అత్తమ్మకు ఇచ్చిన్రు. పదేండ్ల సంది రోజూ ఆయన పేరు మీద అన్నం తింటున్న."

మేడం ఆయన దిక్కు తిరిగి మెల్లగ అడిగింది. "బొంబయి బస్సెక్కేటోళ్లు సద్ది దేంట్ల కట్టుకపోతరు?"

తెలివంటే ఏందో నేను ఆ రోజు చూసిన. చూసి, "ప్లాస్టిక్ కవర్ల" అంటి. అది నా పద్ధతి.

దసర తెల్లారి నుంచి పండుగకొచ్చిన కూలోళ్లంతా మళ్లీ బొంబయికి తిరిగిపోతరు. ఆ రోజు బస్టాండ్ల మూతలున్న స్టీలు సద్ది డబ్బలు పంచాలె. డబ్బ మీద వాడకట్టు అని పేరు, దాని కింద బ్లాగు అడ్రసు. డబ్బ అక్కడ పదేండ్లు ఉంటది, పొద్దున మాపున అన్నం తినుకుంట చూస్తరు. మిగిలిన పైసలన్నీ స్టీలు సామాన్ల సేటు చేతుల పెట్టి, కాగితం మీద పేరు, అడ్రసు రాసిచ్చి వచ్చినం. పండుగ రద్దీల ఆయన డబ్బలు గోనెసంచులల్ల కుట్టి సీదా బస్టాండుకే పంపిండు.

పొద్దుగాల బస్టాండ్ల సంచి కుట్టు విప్పింది నేనే. మొదటి డబ్బ తీసిన. మంచి చేతిరాత, కొమ్ములు దీర్ఘాలు ముత్యాల లెక్క. 'వాడకట్టు జ్ఞాపకార్థం' అని ఉన్నది. రెండోది తీసిన. వాడకట్టు జ్ఞాపకార్థం. సంచి మొత్తం అదే సంతాపం.

సేటుకు ఫోన్ కొట్టిన. "సేటూ, గిదేంది? జ్ఞాపకార్థం అని ఎవలు రాయమన్నరు?"

"రాయమనేదేంది సారూ, మీరు మర్చిపోయిన్రని మావోడే ఏసిండు. పెండ్లయితే రెండు పేర్లుంటయ్. ఇంటి దావతయితే దంపతులని ఉంటది. మీరు ఒక్కటే పేరు ఇచ్చిన్రు. ఒక్క పేరు మీద స్టీలు పంచితే పోయినోళ్లదే గదా. ఆ అక్షరాలకు పైసలు గూడ ఏసుకోలే నేను."

ఫోన్ పెట్టేసిన. బొంబయి బస్సు ప్లాట్‌ఫారం మీద పెట్టిన్రు. మూటలు, బియ్యం సంచులు, పిల్లలు, మంచాల కోళ్లు అన్నీ ఎక్కుతున్నయ్. ఇంక పైసల్లేవు, ఇంకో దసర లేదు. మేడం చున్నీ సరిజేసుకొని, "పంచుండ్రి" అన్నది.

మొదటి డబ్బ ఒక పెద్దమ్మకు ఇచ్చిన. నడీడు దాటిన మనిషి, నెత్తి మీద మూట, చంకల మనుమరాలు. డబ్బ అటుఇటు తిప్పి చూసి మనుమరాలితోని చదివిపిచ్చుకున్నది.

"ఎవలు బిడ్డా పోయింది?"

"ఎవ్వలు పోలేదమ్మా. ఇది ఇంటర్నెట్ల..."

"వయసెంత?"

నేను నోరు తెరిచేలోపల స్టూడియో అన్న నిజం చెప్పిండు. "ఏడాదిన్నర."

"అయ్యో, పసిగుడ్డు" అన్నదామె. మూట కింద పెట్టి, సీదా మేడం కాడికి పోయింది. మేడం అప్పటికే చున్నీ మొఖానికి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంటున్నది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నయ్. దూరం నుంచి చూస్తే అది నవ్వని ఎవ్వలూ అనరు. ఆ అమ్మ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఊకో బిడ్డా, ఊకో. చిన్న వయసుదానివి, మళ్ల అయితరు" అన్నది. నా దిక్కు తిరిగి, "నువ్వన్న ధైర్నం చెప్పాలె గదయ్యా. పక్కన నిలవడి పండ్లికిలిస్తవేంది?" అని తిట్టింది.

నేను పండ్లు మూసుకున్న. మేడం పక్కకు జరిగి నిలవడ్డ. ఆ పెద్దమ్మ బస్సెక్కి, కిటికీల నుంచి గూడ మా ఇద్దరి దిక్కే చూస్తున్నది. బస్సు కదిలిందాక మేం మొగుడు పెండ్లాలం. మాకొక బిడ్డ ఉండె, పోయింది. నా సంసారజీవితం గురించి ఇప్పటికి చెప్పగలిగింది అంతే.

తర్వాత పదిహేను దినాలు ఏం కాలే. స్టూడియో అన్న ఇంటికి రెండు మిగులు డబ్బలు తీసుకపోయిండు, ఇప్పుడు పళ్లెం, డబ్బ ఇద్దరు పోయినోళ్లవైనయని వదిన లొల్లి పెట్టిందట.

ఒకనాడు పొద్దున బ్లాగు కింద ఒక మాట పడ్డది. "మాది నారాయణపేట దిక్కు. ఈడ మా మేస్త్రి డబ్బ మీద చూసినం. ఎవల వాడకట్టు పోయింది? మాది ఉన్నదా?"

అసలు సంగతి మాకప్పుడు తెలిసింది. బొంబయిల, పూనాల, భీవండిల, బిల్డింగుల కింద కూసోని సద్ది ఇప్పంగనే పక్కనోడు డబ్బ మీద చదువుతడు. మనిషి పేరైతే ఎవలో పాపం అని ఊకుంటడు. వాడకట్టు పోయిందంటే ఎట్ల ఊకుంటడు? ఫోన్ తీసి ఆ అడ్రసు కొడతడు. వచ్చి చూసినోడు వాళ్ల ఊరు ఉన్నదేమో అని ఎతుకుతడు. లేకుంటే అడుగుతడు. యాడ్‌ల మేం నొక్కలేని మనుషులందరినీ సేటు కాడ పేర్లు కొట్టేటాయన ఒక్క మాటతోని నొక్కిండు.

అడిగేటియి గూడ ఏం పెద్దయి కావు. మా తలుపు ఫోటో ఒకటి పెట్టుండ్రి. మా బోరు కాడి కానుగచెట్టు ఉన్నదా. అన్నిటికీ మేడం జవాబు రాసేది. "మీ తలుపు మంచిగున్నది. తాళం మీద పావురం రెట్ట ఉండె, తుడిచినం. గోడ మీద బొగ్గుతోని రాసిన బిడ్డ పేరు ఇంకా కనవడుతున్నది. వాన ఈ పక్కకు కొట్టనట్టున్నది." గంతే రాసేది. ఆ గంత రాతకు భీవండిల ఎవలో ఒకాయన పని ఆపి ఫోన్ చూసుకుంట కూసున్నడని, మేస్త్రి తిట్టిండని, వాళ్లే మళ్లీ రాసేటోళ్లు.

పూనా నుంచి ఒకామె, మా ఇంటి ముంగటి జామకాయలు ఎవలు తెంపుకపోతున్నరో చూడుండ్రి అని అడిగింది. మేడం పోయి చూసి, ఉన్నదున్నట్టు "మీ ఆడిబిడ్డ" అని రాసింది. వదినా ఆడిబిడ్డలు మా బ్లాగు కిందనే వారం దినాలు కొట్లాడిన్రు. రెండు ఊర్ల సుట్టాలంతా వచ్చి చెరో పక్క నిలవడ్డరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పైసలు పెట్టకుంట బ్లాగు పెరిగే ఉపాయం ఒక్కటి అడిగితే నేను జామచెట్టే చూపిస్త.

దసర ఎల్లినంక మూడు నెల్లు ఆదివారమే కాదు, రోజూ కాలేజీ ఇడువంగనే ఆమె వచ్చేది, బండ్ల మీద పోయేటోళ్లం. ఎవలియో తాళాల ముంగట నిలవడేటోళ్లం. లోపట మనుషులు లేని ఇండ్ల ముంగట అంత మెల్లగ ఎందుకు మాట్లాడేటోళ్లమో నాకిప్పటికీ తెల్వదు. ఆమె చున్నీ కొసతోని తాళం తుడిచేది. నేను జోకు చెప్పేది. ఆమె తుడుసుకుంటనే నవ్వేది. ఇప్పుడు తాళం కనవడ్డ కాడల్ల నా చెయ్యి జేబుల చేతిరుమాలు మీదికి పోతది. పిచ్చి గాదు, అలవాటు.

బొంబయి బస్సులు నడిపే ఒక ట్రావెల్సాయన బ్లాగుల యాడ్ ఇచ్చిండు. తర్వాత ఒక ఎరువుల దుకాణం. ఒక మధ్యాహ్నం నేను కూసోని లెక్క కట్టిన. ముగ్గురం పంచుకుంటే ఆమె పాలు కాలేజీ ఇచ్చే జీతమంత అయితది. నా సమీకరణం తేలింది. ఆమె వచ్చేదాక మెట్ల మీద నిలవడ్డ.

"మేడం, మీకు ఈ నెల నుంచి కాలేజీ జీతమంత మనమే ఇస్తం."

ఆమె లోపటికి పోయి తెర మీద అంకెలన్నీ చూసింది. "నిలవడ్డట్టేనా?"

"నిలవడ్డది. గుంజినా వడది."

ఆమె ఊపిరి ఇడిసి, కుర్చీల వెనుకకు ఆనింది. అట్ల ఆనంగ నేను చూసుడు అదే మొదలు.

"మంచిగైంది. ఆర్డరు వచ్చి చాన దినాలైంది. చేరనీకి ఇంకొంచెం గడువు అడిగిన. వడిపోయేదాన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె అని కూసున్న. ఇగ పోతా."

నేను లెక్కల మాస్టర్లను తప్పువట్టను. ఆమె మొదటి రోజే తెలుగుల, చక్కగ, కూలవడేటప్పుడు ఇడిసిపోనని చెప్పింది. కూలకుంట ఆపితే పోతదని అండ్లనే ఉన్నది. నేనే పైసలు పెట్టి, రాత్రింబగళ్లు కష్టపడి, ఆమెను ఆసిఫాబాద్‌కు సాగనంపిన. జర ఆ ఫ్లెక్సీ కట్టిచ్చి ఉంటే ఇయ్యాళటికీ మేం ముగ్గురం దివాళాల కూసోని బజ్జీలు తింటుందుము.

"ఏందయ్యా, జోకు రాలేదు?" అన్నదామె.

"వస్తది. బస్టాండుకు తెస్త" అంటి.

తెచ్చిన గూడ. వాళ్లమ్మ భువనగిరి నుంచి వచ్చింది. కొత్త చీర, కొత్త సూట్‌కేసు, దానికి కొత్త తాళం. "మా బిడ్డకు మీ కాడ మంచి కాలక్షేపమైంది బాబూ" అని నా చెయ్యి పట్టుకున్నది. ఏడాదిన్నర మీద మూడు నెల్ల మా చాకిరికి అంత సరైన పేరు నేను గూడ పెట్టలేను. మేడం కిటికీ కాడ కూసున్నది. నేను బయట నిలవడి, ఆసిఫాబాద్‌ల చలికి పిల్లలు హాజరు చెప్పనీకి నోరు తెరువరట, తల ఊపితే చాలనుకోండ్రి అని చెప్పిన. నవ్వింది. ఇంకేమన్న ఉన్నదా అన్నట్టు ఆగి చూసింది. నా సంచిల ఉన్నయన్నీ నవ్విచ్చే మాటలే. ఇంకో తీరు మాట ఒక్కటి కావాల్సి వస్తే ఏడ పెట్టిన్నో దొరకలే. కండక్టర్ రైట్ అన్నడు.

తర్వాత వాడకట్టు నేనే రాసిన. స్టూడియో అన్న బాగనే ఉందన్నడు, ఆయన ఫోటోలే చూస్తడు. మూడోది పెట్టిన రోజు, ఎవల తాళం మీద రెట్ట తుడిచినమో ఆ భీవండాయన రాసిండు. "ఇది రాసింది ఆ అక్క కాదు. అక్క ఏది?"

"సర్కారు నౌకరి వచ్చింది, పోయింది" అని జవాబు పెట్టిన.

కొద్దిసేపటికి ఆయనదే ఇంకోటి పడ్డది. "మంచిది. నువ్వు పోవద్దంటివా?"

దాని కింద సోలాపూర్‌ల ఒకాయన, నేను గూడ అదే అడుగుదామనుకున్న అన్నడు. జామచెట్టు వదినా ఆడిబిడ్డలు ఇద్దరూ బొటనవేలు పెట్టిన్రు. వాళ్లిద్దరు ఒక్క మాట మీద నిలవడ్డది ఆ ఒక్కసారే.

ఇంక రెండేండ్లు నడిపిన. లాక్‌డౌన్‌ల అందరు నడుసుకుంట ఇండ్లకు వచ్చి ఎవల తాళాలు వాళ్లే తీసుకున్నరు. మళ్లీ పోయేటప్పటికి పక్కింటోళ్లు వీడియో కాల్‌ల తలుపు చూపిచ్చుడు నేర్చుకున్నరు. నేను రిటైరైన. ఇప్పుడు చౌటుప్పల్‌ల వెంచర్లోళ్లకు బోర్డుల మీద మాటలు రాసిస్త. ఇండ్లు ఇంకా కట్టలేదు గనక, కండ్లకు కనిపించిందే రాయాలన్న పద్ధతి అక్కడ నడువది. ఆమె అక్కడనే ఉన్నది. పండుగలకు మెసేజ్ పెడ్తది. నేను జోకు పెడ్త.

బ్లాగుల కొత్తగ రాసేది లేదు, వచ్చేటోళ్లు లేరు, యాడ్లు లేవు. ఇంటర్నెట్ల ఆ పేరుకు మాత్రం యేటా కిరాయి కడుతున్న. ఎందుకు దండుగ అని స్టూడియో అన్న అంటడు. ఏడాది కట్టకుంటే మొత్తం పోతది. వచ్చిన ప్రతి మాటకూ జవాబు పెట్టినం అండ్ల, ఆమో నేనో. పోవద్దంటివా అని ఆ భీవండాయన అడిగిందానికి ఒక్కదానికే లేదు. జవాబు నాతోని కాలే. అడిగింది అడిగినట్టన్న ఉండాలె గదా.